450 వాట్ల డబ్బాలో నిజంగా ఎన్ని వాట్లు? తక్కువ ధర ఎస్‌ఎంపీఎస్ ఎంపిక వెనుక లెక్క

క్లుప్తంగా: డెస్క్‌టాప్‌కు ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై యూనిట్, కొనేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్ల అంకె కంటే, స్టిక్కర్ మీద 12 వోల్టుల గడిలో ఉన్న ఆంపియర్ల అంకె ముఖ్యం. 80 ప్లస్ బ్యాడ్జి కరెంటు వృథా గురించి చెబుతుంది, యూనిట్ ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పదు. కరెంటు పోతూ వస్తూ ఉండే చోట, లో వోల్టేజీ ఉండే చోట, ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడిపే చోట చూసుకోవాల్సిన విషయాలు వేరే ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డున్న మామూలు కంప్యూటర్‌కు చెప్పిన వాట్లు నిజంగా ఇచ్చే 450 నుంచి 550 వాట్ల యూనిట్ సరిపోతుంది.

కొటేషన్‌లో చివరి లైను

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ సీటీసీ అంటారు. అలాంటి కంప్యూటర్ మార్కెట్లో అసెంబుల్డ్ కంప్యూటర్‌కు కొటేషన్ రాయించుకుంటే ప్రాసెసర్ మోడల్ నంబరుతో సహా రాస్తారు. ర్యామ్ ఏ కంపెనీదో, ఎంత స్పీడో ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ పేరు, గ్రాఫిక్స్ కార్డు పేరు ఉంటాయి. చివరి లైనులో మాత్రం చాలాసార్లు ‘క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్’ అని ఒకే ముక్కలో తేల్చేస్తారు. అది ఏ కంపెనీదో, ఏ మోడలో ఉండదు.

కొనేవాళ్లు కూడా పెద్దగా అడగరు. ఎస్‌ఎంపీఎస్ మారిస్తే గేమ్ వేగం పెరగదు, సాఫ్ట్‌వేర్ త్వరగా తెరుచుకోదు. అందుకే బడ్జెట్ దాటినప్పుడు మొదటి కోత దాని మీదే పడుతుంది. మామూలు లోకల్ యూనిట్‌కూ నమ్మదగిన దానికీ తేడా రెండు మూడు వేల రూపాయలు. నలభై వేల కంప్యూటర్‌లో ఆ రెండు వేలు మిగిల్చుకోవడం తెలివైన పనిలాగే కనిపిస్తుంది. కానీ కంప్యూటర్‌లో ప్రతి భాగానికీ కరెంటు ఆ డబ్బా గుండానే వెళ్తుంది. ర్యామ్ పాడైతే ర్యామ్ ఒక్కటే పోతుంది. ఎస్‌ఎంపీఎస్ పాడైతే ఒక్కోసారి మదర్‌బోర్డును, హార్డ్‌డిస్కును కూడా వెంట తీసుకుపోతుంది.

స్టిక్కర్ చదివే పద్ధతి

గోడ సాకెట్‌లోని 230 వోల్టుల ఏసీని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చడం ఎస్‌ఎంపీఎస్ పని. ఒక్కో వోల్టేజీ మీద ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో స్టిక్కర్ మీద గళ్లలో రాసి ఉంటుంది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. ఇంతకు మించి లెక్కలు అక్కర్లేదు.

ఒక లోకల్ యూనిట్ మీద పైన 450 అని ఉండి, కింద గళ్లలో ఇలా ఉందనుకుందాం: 12 వోల్టులకు 16 ఆంపియర్లు, 5 వోల్టులకు 22, 3.3 వోల్టులకు 18, మైనస్ 12 వోల్టులకు అర ఆంపియర్, స్టాండ్‌బై 5 వోల్టులకు 2. గుణిస్తే వరుసగా 192, 110, 59, 6, 10 వాట్లు. అన్నీ కలిపినా 377. అంటే తయారీదారు స్వయంగా రాసుకున్న అంకెలే 450కి చేరడం లేదు. పైగా 5, 3.3 వోల్టులు రెండూ ఒకేసారి పూర్తిగా ఇవ్వగలవని అర్థం కాదు. ఆ రెండింటికీ కలిపి ఒక పరిమితి ఉంటుంది, మంచి కంపెనీలు దాన్ని విడిగా రాస్తాయి. మరి పైన ఉన్న 450 ఏమిటి? చాలా యూనిట్ల మీద ఆ అంకె పక్కన ‘వాట్స్’ అని ఉండనే ఉండదు. అది మోడల్ పేరు. కారు పేరులో 800 ఉంటే 800 కిలోమీటర్ల వేగం అనుకోం కదా.

అసలు చిక్కు మొత్తం 377 దగ్గర కాదు, మొదటి గడి దగ్గర ఉంది. ఇప్పటి కంప్యూటర్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్లు అన్నీ 12 వోల్టుల మీదే నడుస్తాయి. 5, 3.3 వోల్టుల మీద ఉండేవి యూఎస్‌బీ పోర్టులు, ఎస్‌ఎస్‌డీలు, మరికొన్ని చిన్న చిప్‌లు. అవి తినేది కొన్ని పదుల వాట్లే. కాబట్టి పై ఉదాహరణలోని యూనిట్ గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్‌కు పనికొచ్చేది 192 వాట్ల మేరకే. 5 వోల్టుల దగ్గర 110 వాట్లు ఉన్నా తీసుకునేవాళ్లు లేరు. నిజమైన 450 వాట్ల యూనిట్‌లో 12 వోల్టుల దగ్గర సుమారు 36 ఆంపియర్లు, అంటే 432 వాట్లు ఉంటాయి. దాదాపు మొత్తం శక్తి ఒక్క 12 వోల్టుల గడిలోనే దొరకాలి.

ఈ తేడాకు చరిత్ర ఉంది. డెస్క్‌టాప్ మదర్‌బోర్డు, క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ ఎలా ఉండాలో చెప్పే ఏటీఎక్స్ ప్రమాణాన్ని ఇంటెల్ 1995లో తెచ్చినప్పుడు ప్రాసెసర్లు 5, 3.3 వోల్టుల మీద నడిచేవి. అప్పటి డిజైన్లలో ఆ గళ్లు బలంగా, 12 వోల్టుల గడి బలహీనంగా ఉండేవి. 2000లో పెంటియం 4తో పాటు ఏటీఎక్స్12వీ వచ్చింది, ప్రాసెసర్ కోసం విడిగా నాలుగు పిన్నుల 12 వోల్టుల వైరు వచ్చింది. అప్పటి నుంచి బరువంతా, అంటే భాగాలు లాగే కరెంటంతా, 12 వోల్టుల వైపు జరుగుతూ వచ్చింది. చవక యూనిట్లలో చాలావాటి లోపల మాత్రం ఆ పాత కాలపు సర్క్యూటే కొద్దిపాటి మార్పులతో ఇంకా అచ్చవుతోంది. స్టిక్కర్ మీద 5 వోల్టుల అంకె 12 వోల్టుల అంకె కంటే పెద్దదిగా ఉంటే అది ఏ కాలపు డిజైనో వేరే చెప్పక్కర్లేదు.

తక్కెడ లాంటి సర్క్యూట్

పాత డిజైన్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. 12, 5 వోల్టులు రెండింటినీ ఒకే కంట్రోలర్ కలిపి అదుపు చేస్తుంది. దీన్ని గ్రూప్ రెగ్యులేషన్ అంటారు. తక్కెడలో ఒక పళ్లెం దిగితే రెండోది లేచినట్టు, 12 వోల్టుల మీద బరువు పెరిగి 5 వోల్టుల మీద తక్కువగా ఉంటే 12 కిందికి జారుతుంది, 5 పైకి పోతుంది. గేమ్ నడుస్తున్నప్పుడు ఇప్పటి కంప్యూటర్ పరిస్థితి సరిగ్గా ఇదే. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 12 వోల్టులు 11.4కి, 12.6కి మధ్య ఉండాలి. 5 వోల్టులు 4.75కి, 5.25కి మధ్య ఉండాలి. చవక యూనిట్ బరువు మీద ఈ గీత దాటడం అరుదు కాదు.

కొత్త పద్ధతిలో ముందు శక్తినంతా 12 వోల్టులుగా మార్చి, అందులోంచి చిన్న బోర్డుల ద్వారా 5, 3.3 తయారుచేస్తారు. దీన్ని డీసీ టు డీసీ అంటారు. ఒకదాని బరువు ఇంకోదాని మీద పడదు. 2013లో ఇంటెల్ హాస్‌వెల్ ప్రాసెసర్లు వచ్చినప్పుడు ఈ తేడా బయటపడింది. అవి గాఢ నిద్రలోకి వెళ్లినప్పుడు 12 వోల్టుల మీద 0.05 ఆంపియర్ మాత్రమే తీసుకుంటాయి. అంత తక్కువ బరువుకు కొన్ని పాత డిజైన్లు తట్టుకోలేవని తేలడంతో అప్పట్లో ‘హాస్‌వెల్ రెడీ’ అని డబ్బాల మీద రాయడం మొదలైంది. ఇప్పుడు 450, 550 వాట్ల బడ్జెట్ మోడళ్లలో కూడా డీసీ టు డీసీ దొరుకుతోంది. మోడల్ వివరాల్లో ఆ మాట ఉందో లేదో చూసుకుంటే చాలు.

ఎన్ని వాట్లు కావాలి?

ఇక్కడ భయం ఎక్కువ, అవసరం తక్కువ. ఇంటెల్ కోర్ ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్ గరిష్ఠంగా 117 వాట్లు తీసుకుంటుంది. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060 కార్డుకు 170 వాట్లు. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు ఓ 50 వేసుకున్నా మొత్తం 340 దాటదు. అదీ రెండూ ఒకేసారి పూర్తి బలంతో పనిచేస్తేనే. గేమ్‌లో అది తరచుగా జరగదు.

అయినా ఎన్‌విడియా ఆ కార్డుకు 550 వాట్లు సూచిస్తుంది. కార్డు తయారీదారుకు కొనేవాళ్ల దగ్గర ఏ యూనిట్ ఉందో తెలియదు కాబట్టి చవకదాన్ని కూడా దృష్టిలో పెట్టుకుని అంకె చెబుతారు. ఇంకో కారణం సాంకేతికమైనది. గ్రాఫిక్స్ కార్డు సగటున 170 వాట్లు తీసుకున్నా, సెకనులో వెయ్యో వంతు సేపు అంతకంటే ఎంతో ఎక్కువగా ఒక్కసారి లాగుతుంది. ఈ కుదుపుల కోసమే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, గ్రాఫిక్స్ కార్డుకు కరెంటిచ్చే కొత్త 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్ కనెక్టర్ ఉన్న పెద్ద యూనిట్లు 100 మైక్రోసెకన్ల పాటు తమ వాట్లకు రెండింతల వరకు తట్టుకోవాలని చెప్పింది. బడ్జెట్ కార్డులకు ఆ కొత్త కనెక్టర్ అవసరం చాలావరకు రాదు. కుదుపులు మాత్రం వాటికీ ఉంటాయి.

గ్రాఫిక్స్ కార్డు లేని ఆఫీసు కంప్యూటర్ సంగతి ఇంకా తేలిక. కోర్ ఐ3 12100 గరిష్ఠం 89 వాట్లు, మొత్తం కంప్యూటర్ 150 లోపే. డెల్, హెచ్‌పీ వాళ్ల పాత ఆఫీసు డెస్క్‌టాప్‌లలో 240 వాట్ల యూనిట్లు ఉండేది అందుకే. అవి ఏళ్ల తరబడి నడుస్తాయి, ఎందుకంటే 240 అంటే నిజంగా 240. పక్కన లోకల్ 450 పెడితే ఏది బలమైనదో స్టిక్కర్ మీది 12 వోల్టుల గడే చెబుతుంది. రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్‌లు కొని అందులో గ్రాఫిక్స్ కార్డు పెట్టాలనుకునేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. వాటిలో చాలావాటికి మదర్‌బోర్డు కనెక్టర్ వేరేగా ఉంటుంది, బయట దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ నేరుగా సరిపోదు. 75 వాట్ల లోపు కార్డయితే స్లాట్ నుంచే కరెంటు తీసుకుంటుంది కాబట్టి ఆ గొడవ ఉండదు.

బ్యాడ్జి ఏం చెబుతుంది, ఏం చెప్పదు

80 ప్లస్ కార్యక్రమం 2004లో అమెరికాలో మొదలైంది. కరెంటు వృథా తగ్గించడం దాని ఉద్దేశం. 115 వోల్టుల పరీక్షలో బ్రాంజ్ బ్యాడ్జి కావాలంటే 20 శాతం బరువు మీద 82, సగం బరువు మీద 85, పూర్తి బరువు మీద 82 శాతం సామర్థ్యం చూపాలి. గోల్డ్‌కు ఇవే 87, 90, 87. అంటే 100 వాట్లు గోడ నుంచి తీసుకుంటే 90 వాట్లు కంప్యూటర్‌కు చేరతాయి, మిగతా 10 వేడిగా పోతాయి.

డబ్బుల్లో చూద్దాం. కంప్యూటర్ 200 వాట్లు వాడుతోంది, రోజుకు 6 గంటలు నడుస్తోంది అనుకుంటే, 80 శాతం సామర్థ్యం ఉన్న యూనిట్ గోడ నుంచి 250 వాట్లు లాగుతుంది, 90 శాతం ఉన్నది 222. తేడా 28 వాట్లు. ఏడాదికి దాదాపు 61 యూనిట్ల కరెంటు. కరెంటు యూనిట్ 7 రూపాయలనుకుంటే ఏడాదికి 430 రూపాయల దాకా. రెండు వేలు ఎక్కువ పెట్టి గోల్డ్ కొంటే ఆ డబ్బు తిరిగి రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. రోజుకు రెండు మూడు గంటలే వాడే ఇంట్లో అసలు రాకపోవచ్చు. బ్రాంజ్‌కూ గోల్డ్‌కూ మధ్యనైతే తేడా ఇంకా తక్కువ. కాబట్టి బడ్జెట్‌లో కరెంటు బిల్లు కోసం గోల్డ్ వెంట పడనక్కర్లేదు.

మరి నాణ్యత? ఆ పరీక్షను మామూలు గది వేడిలో, 23 డిగ్రీల దగ్గర చేస్తారు. సామర్థ్యం, పవర్ ఫ్యాక్టర్ కొలుస్తారు. వోల్టేజీ ఎంత స్థిరంగా ఉంది, షార్ట్ అయితే ఆగుతుందా, ఐదేళ్లు నిలుస్తుందా అన్నవి అందులో లేవు. గిగాబైట్ ఉదంతం దీనికి గట్టి రుజువు. జీపీ-పీ750జీఎం, జీపీ-పీ850జీఎం మోడళ్లు రెండూ గోల్డ్ బ్యాడ్జి ఉన్నవే. గ్రాఫిక్స్ కార్డుల కరువు రోజుల్లో అమెరికాలో వాటిని కార్డులతో కలిపి అంటగట్టారు. 2021లో గేమర్స్ నెక్సస్ అనే సమీక్షా సంస్థ పరీక్షించినప్పుడు వాటిలో కొన్ని పేలిపోయాయి. ఆ ఏడాది ఆగస్టులో గిగాబైట్ ప్రకటన ఇచ్చింది. వాట్లు పరిమితి దాటితే యూనిట్‌ను ఆపేసే ఓవర్ పవర్ ప్రొటెక్షన్ మీట పడే స్థాయిని 120 నుంచి 150 శాతం మధ్య ఉన్నదాన్ని 110 నుంచి 120 శాతానికి దించామని, కొన్ని సీరియల్ నంబర్ల యూనిట్లను మార్చి ఇస్తామని చెప్పింది. 750 వాట్ల యూనిట్‌లో 150 శాతం అంటే 1,125 వాట్లు. లోపలి భాగాలు తట్టుకోలేనంత దాకా మీట పడకుండా ఆగడమే అక్కడి సమస్య. సామర్థ్యం బ్యాడ్జికి దానితో సంబంధం లేదు.

ఈ కథ నుంచి ఇంకో సంగతి తెలుస్తుంది. ఎస్‌ఎంపీఎస్‌లో పేరు కంటే మోడల్ ముఖ్యం. కోర్సెయిర్, యాంటెక్ లాంటివి డిజైన్ ఎంచుకుని పేరు పెట్టి అమ్ముతాయి. తయారుచేసేవి సీసోనిక్, ఎఫ్‌ఎస్‌పీ, ఛానల్ వెల్, గ్రేట్ వాల్ లాంటి ఫ్యాక్టరీలు. కోర్సెయిర్‌లోనే వీఎస్, సీవీ, సీఎక్స్, ఆర్‌ఎం అంటూ మెట్లున్నాయి. ‘కోర్సెయిర్ అయితే మంచిదే’ అనడం ‘హైదరాబాద్ బిర్యానీ అయితే బాగుంటుంది’ అనడం లాంటిది. ఏ హోటల్‌దో చెప్పాలి.

యూపీఎస్ ఉన్నా కంప్యూటర్ ఎందుకు రీస్టార్ట్ అవుతుంది?

మన దగ్గర ఎక్కువమందిని తికమక పెట్టే ప్రశ్న ఇది. కరెంటు పోగానే యూపీఎస్ కీచుమంటుంది, మానిటర్ వెలుగుతూనే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం ఆగి మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. యూపీఎస్ బ్యాటరీ పోయిందని కొత్తది వేయిస్తారు. మళ్లీ అదే కథ. తప్పు చాలాసార్లు బ్యాటరీది కాదు.

ఇళ్లలో వాడే మామూలు యూపీఎస్ కరెంటు పోయిన వెంటనే బ్యాటరీకి మారదు. ఆ మారే వ్యవధి సాధారణంగా 4 నుంచి 10 మిల్లీసెకన్లు. ఆ కాసేపూ కంప్యూటర్‌ను నడిపేది ఎస్‌ఎంపీఎస్ లోపల సీసా మూత కంటే లావుగా ఉండే పెద్ద కెపాసిటర్. అందులో నిల్వ ఉన్న శక్తితో ఎంతసేపు లాక్కురాగలదో దాన్ని హోల్డ్ అప్ టైమ్ అంటారు. ఏటీఎక్స్ ప్రమాణం చాలా కాలంగా అడిగింది పూర్తి బరువు మీద 16 మిల్లీసెకన్లు. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి ఇది ఒక అలకు కాస్త తక్కువ. ఈ కెపాసిటర్ ఖరీదైన భాగం. ఖర్చు తగ్గించాలనుకునే తయారీదారు చెయ్యి మొదట దాని మీదే పడుతుంది. యూపీఎస్ 8 మిల్లీసెకన్లు తీసుకుని, ఎస్‌ఎంపీఎస్ 6 మిల్లీసెకన్లే నిలబడితే కంప్యూటర్ ఆగిపోక తప్పదు.

బరువు తక్కువగా ఉంటే అదే కెపాసిటర్ ఎక్కువసేపు లాక్కొస్తుంది. వర్డ్ ఫైలు తెరిచి ఉన్నప్పుడు కరెంటు పోతే ఏమీ కాక, గేమ్ ఆడుతున్నప్పుడు పోతే రీస్టార్ట్ అయ్యేది అందుకే. ఇక్కడ యూపీఎస్ పరిమితి కూడా చూసుకోవాలి. 600 వీఏ అని రాసి ఉన్న యూపీఎస్ నిజంగా ఇచ్చేది 360 వాట్ల దాకానే.

లో వోల్టేజీ ఈ లెక్కను ఇంకా పాడుచేస్తుంది. పాత రకం యూనిట్లలో కెపాసిటర్ ఎంత నిండుతుందనేది గోడలోని వోల్టేజీ మీద ఆధారపడుతుంది. నిల్వ శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 బదులు 180 వోల్టులు వస్తుంటే నిల్వ 61 శాతానికి పడిపోతుంది. ఎండాకాలం సాయంత్రం ఏసీలన్నీ ఒకేసారి ఆన్ అయి బల్బులు మసకబారినప్పుడే కరెంటు పోతే, కెపాసిటర్ అప్పటికే మూడో వంతుకు పైగా ఖాళీగా ఉన్నట్టు. యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్) అనే సర్క్యూట్ ఉన్న యూనిట్ గోడలో ఎంత వస్తున్నా లోపల దాన్ని 380 వోల్టుల దగ్గరికి పెంచి కెపాసిటర్ నింపుతుంది. అందువల్ల లో వోల్టేజీలో కూడా హోల్డ్ అప్ తగ్గదు. పల్లెల్లో, ఊరి శివార్లలో ఉండేవాళ్లకు ఈ ఒక్క లక్షణం గోల్డ్ బ్యాడ్జి కంటే విలువైనది.

కానీ యాక్టివ్ పీఎఫ్‌సీ యూనిట్లు కూడా అన్నీ ఒకటి కాదు. స్టిక్కర్ మీద ‘ఇన్‌పుట్’ అని ఉన్న చోట కొన్నింటికి 100 నుంచి 240 వోల్టులు, కొన్నింటికి 200 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది. కొన్ని బడ్జెట్ మోడళ్లను 230 వోల్టుల దేశాల కోసమే చవకగా తయారుచేస్తారు, రెండో రకం అదే. కరెంటు నిలకడగా ఉండే అపార్ట్‌మెంటులో దానితో ఇబ్బంది లేదు. రాత్రి 170 వోల్టులకు పడిపోయే ఊళ్లో అది హామీ పరిధి బయట ఉన్నట్టే. పాత యూనిట్ల వెనుక ఎర్రటి చిన్న మీట ఒకటి ఉంటుంది, 115, 230 అని. పిల్లలెవరైనా దాన్ని 115 వైపు జరిపి ఆన్ చేస్తే దబ్బుమని పేలుతుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ యూనిట్లలో ఆ మీట ఉండదు.

ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లకు మరో మాట. ఇంటి ఇన్వర్టర్ మీద సాధారణంగా రెండు మోడ్‌లు ఉంటాయి. నార్మల్ మోడ్‌లో ఫ్యాన్లు, లైట్ల కోసం బాగా తక్కువ వోల్టేజీ వచ్చినా లైన్ మీదే నడిపిస్తుంది, బ్యాటరీకి మారడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. యూపీఎస్ మోడ్‌లో పెడితే వోల్టేజీ సుమారు 180 దిగగానే బ్యాటరీకి మారుతుంది, వేగంగా మారుతుంది. కంప్యూటర్ ఉన్న లైనుకు ఆ మోడే ఉండాలి. ఈ ఒక్క స్విచ్చి మార్చకుండా ఎస్‌ఎంపీఎస్ మార్చినవాళ్లు తక్కువేమీ కాదు. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌దైతే యాక్టివ్ పీఎఫ్‌సీ యూనిట్లు సరిగా కుదురుకోకపోవచ్చు. గరగర శబ్దం, హఠాత్తుగా ఆగిపోవడం లాంటివి కనిపిస్తే అది కారణం కావచ్చు. సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఆ టెన్షన్ ఉండదు.

ముట్టుకుంటే జివ్వుమనడం

క్యాబినెట్ ముట్టుకుంటే చిన్నగా షాక్ కొడుతోందని ఎస్‌ఎంపీఎస్ మార్పించేవాళ్లు ఉంటారు. మంచి ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. హై ఫ్రీక్వెన్సీ రొదను ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఎర్తింగ్ లేని ఇంట్లో, లేదా మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల కన్వర్టర్‌తో పెట్టినప్పుడు ఆ రొదకు దారి ఉండదు. బాడీ సగం వోల్టేజీ దగ్గర, అంటే సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతుంది. పారే కరెంటు బాగా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. మందు ఎర్తింగ్ సరిచేయడమే.

ఇందులో ఒక తమాషా ఉంది. అతి చవక యూనిట్లలో ఈ ఫిల్టర్ కెపాసిటర్లు అసలు పెట్టరు. బోర్డు మీద వాటి స్థానం ఖాళీగా ఉంటుంది, కాయిల్ ఉండాల్సిన చోట తీగ ముక్క అతికించి ఉంటుంది. కాబట్టి అది జివ్వుమనదు. జివ్వుమనే బ్రాండెడ్ యూనిట్ తీసేసి జివ్వుమనని లోకల్ యూనిట్ పెట్టుకుని ‘ఇప్పుడు బాగుంది’ అనుకోవడం అలా జరుగుతుంది.

వేడి, కెపాసిటర్లు, బల్లులు

ఎస్‌ఎంపీఎస్ ఆయుష్షును ఎక్కువగా నిర్ణయించేవి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. వాటిలోని ద్రవం మెల్లగా ఆరిపోతుంది. వేడి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుందని ఇంజినీర్ల మోటు లెక్క. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలని రాసిన కెపాసిటర్ 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు నిలవాలి. రోజుకు 8 గంటల చొప్పున దాదాపు 11 ఏళ్లు. 85 డిగ్రీల రకం అదే వేడిలో 8,000 గంటలే, మూడేళ్లు కూడా రాదు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. మే నెలలో గది వేడే 40 దగ్గర ఉండే రామగుండంలోనో, విజయవాడలోనో ఈ తేడా ఇంకా త్వరగా బయటపడుతుంది. అందుకే కంపెనీ తన వాట్లను ఏ వేడి దగ్గర హామీ ఇస్తోందో చూడాలి. 25 డిగ్రీల దగ్గర 450 వాట్లు వేరు, 40 డిగ్రీల దగ్గర 450 వాట్లు వేరు.

స్టాండ్‌బై సర్క్యూట్ సంగతి ఎవరూ పట్టించుకోరు. కంప్యూటర్ షట్‌డౌన్ చేసినా గోడ స్విచ్చి ఆన్‌లో ఉంటే 5 వోల్టుల స్టాండ్‌బై నడుస్తూనే ఉంటుంది, ఫ్యాన్ తిరగదు. పాత చవక డిజైన్లలో ఈ భాగంలో ఉండే ఒక చిన్న కెపాసిటర్ ఆరిపోతే అదుపు తప్పి వోల్టేజీ పైకి పోతుంది, మదర్‌బోర్డు పోతుంది. ‘రాత్రి బాగానే ఉంది, పొద్దున లేవలేదు’ అనే కేసుల్లో కొన్నింటికి మూలం ఇదే. పడుకునే ముందు గోడ స్విచ్చి ఆపే పాత అలవాటు ఇక్కడ పనికొస్తుంది.

తీరప్రాంతంలో ఉప్పు గాలి, దుమ్ము రెండూ కలిసి బోర్డు మీద పేరుకుంటాయి. బల్లులు వెచ్చగా ఉందని వెనుక జాలీలోంచి దూరి రెండు కాళ్లూ రెండు చోట్ల పెడతాయి. దీనికి ఏ కంపెనీ వారంటీ ఉండదు. క్యాబినెట్‌లో ఖాళీగా ఉన్న స్లాట్ రేకులు మూసి ఉంచడం ఒక్కటే చేయగలిగింది.

షాపులో

రక్షణ వ్యవస్థల జాబితాలో ఓవర్ వోల్టేజీ, అండర్ వోల్టేజీ, షార్ట్ సర్క్యూట్, ఓవర్ పవర్, ఓవర్ కరెంట్, ఓవర్ టెంపరేచర్ అనే ఆరూ ఉండాలి. చివరి రెండూ బడ్జెట్‌లో తరచుగా మాయమవుతాయి. వేడి ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో ఓవర్ టెంపరేచర్ ఉన్నదాన్ని వెతకడం మంచిది. భారతీయ ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు ఆర్ అక్షరంతో మొదలవుతుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. అది భద్రతకు సంబంధించినది, పనితీరుకు కాదు. అయినా నంబరు అసలు లేకపోవడం, లేదా వేరే వస్తువుది చూపించడం ఒక సంకేతమే.

వారంటీ కాలాన్ని కంపెనీ తన యూనిట్ మీద పెట్టుకున్న నమ్మకంగా చదవొచ్చు. ఒక ఏడాది ఇచ్చేది ఒక రకం, మూడేళ్లు మరో రకం, ఐదేళ్లు ఇంకో రకం. బడ్జెట్‌లో కూడా ఐదేళ్లవి ఉన్నాయి. ధర తేడా నాలుగైదు వందలే అయితే ఐదేళ్ల వైపు మొగ్గడం లాభం.

వైర్లు చూడాలి. వైరు మందాన్ని చెప్పే ఏడబ్ల్యూజీ అంకె 18 అని ఉంటే మందమైనది, 20 లేదా 22 ఉంటే సన్ననిది. అంకె పెరిగే కొద్దీ వైరు సన్నబడుతుంది. గ్రాఫిక్స్ కార్డుకు 8 పిన్నుల వైరు యూనిట్ నుంచి నేరుగా రావాలి. ఆ కనెక్టర్ 150 వాట్లు మోస్తుంది. హార్డ్‌డిస్కు వైర్లకు కన్వర్టర్ తగిలించి 8 పిన్నులు చేసి ఇస్తామంటే, ఆ యూనిట్ ఆ కార్డుకు సరిపోదని షాపు వాళ్లే ఒప్పుకున్నట్టు. ఊడదీసే వైర్లున్న మాడ్యులర్ యూనిట్ అయితే పాతదాని వైర్లు కొత్తదానికి వాడకూడదు. చివర్లు ఒకేలా దూరినా పిన్నుల వరుస కంపెనీకో తీరు ఉంటుంది. 5 వోల్టులు అందాల్సిన చోట 12 వోల్టులు అందితే హార్డ్‌డిస్కులోని ఫొటోలతో సహా పోతాయి.

బిల్లు రాసేటప్పుడు ‘క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్’ అనే లైనును రెండుగా విడగొట్టమని, ఎస్‌ఎంపీఎస్ మోడల్, సీరియల్ నంబరు రెండూ రాయమని అడగాలి. వారంటీ క్లెయిమ్‌కు సర్వీస్ సెంటర్ అడిగేది ఆ నంబరే. డబ్బా మీది నంబరు, యూనిట్ మీది నంబరు ఒకటేనా అన్నది కౌంటర్ దగ్గరే చూసుకోవచ్చు, ఇంటికొచ్చి క్యాబినెట్‌లో బిగించాక స్టిక్కర్ చాలావరకు లోపలి వైపు తిరిగి ఉంటుంది.